పన్నెండో హనీమూన్

విమానం టికెట్లు ఫిబ్రవరిలో కొన్నారు. తిమోన్ జూన్‌లో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ప్రయాణం అక్టోబరులో. చిక్కంతా ఈ మూడు నెలలకీ ఒకదానితో ఒకటి పొత్తు కుదరకపోవడం వల్ల వచ్చింది.

అవి వాపసు తీసుకోని టికెట్లు. పేరు మార్పించుకోవచ్చు గానీ, ఆ మార్పుకి అడిగే డబ్బుతో ఇంకో టికెట్టు కొనుక్కోవచ్చు. జూలైలో ఒక ఆదివారం బోగ్నా అతనికి ఫోన్ చేసింది. వూచ్ అనే పోలిష్ నగరంలో ట్రాముల వర్క్‌షాపు వెనక వీధిలో, మూడో అంతస్తులో, ఇద్దరికి సరిపడా కొన్న బంగాళాదుంపలకి ఒక్కతే కూర్చుని చెక్కు తీస్తూ, "మరి మొల్డోవా టికెట్ల సంగతి?" అని అడిగింది. అవతల తిమోన్ వెనకాల ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ ఎవరో పేరు కలీనా. బోగ్నాకి ఆ పేరు తప్ప ఇంకేమీ తెలియదు. తెలుసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

"పారేసుకోలేం కదా," అన్నాడు తిమోన్ చివరికి.

"అవున్లే, పారేసుకోలేం," అంది బోగ్నా.

ఈ మాట ఇంకే జంట అనుకున్నా వినేవాళ్ళకి నవ్వొచ్చేది. వీళ్ళ విషయంలో అది మతం లాంటిది. ఏడాదంతా అతను ట్రాములకి తీగలు అతికి, ఆమె పళ్ళ డాక్టరు దగ్గర వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాసి, మిగిలిన దానితో ఏటా రెండు వారాలు ఎవరూ వెళ్ళని దేశాలకి వెళ్ళేవారు. పారిస్, రోమ్ చూసొచ్చిన వాళ్ళంటే వాళ్ళకి జాలి. బోస్నియాలో ఏ బస్టాండు బల్ల నడుముకి హాయిగా ఉంటుందో, కొసొవోలో రొట్టెల కొట్టువాడు ఏ వేళకి నిన్నటి రొట్టెలు సగం ధరకి ఇస్తాడో వాళ్ళని అడగాలి. ఇంటి నుంచి ఉడకబెట్టిన గుడ్లు, ఎండు సాసేజీలు, ఫ్లాస్కులో నిమ్మకాయ టీ బయల్దేరేవి. రోడ్డు మీద కార్లు ఆపే పని బోగ్నాది. కారు ఆగాక చెట్టు వెనక నుంచి సంచులతో ఊడిపడటం తిమోన్ పని.

అన్నిటికన్నా చవకైన ఉపాయం ఒక అబద్ధం. అసలు మొదటి ఏడు అది అబద్ధం కాదు. అల్బేనియా కొండల్లో ఒక లారీ డ్రైవరు, వీళ్ళకి పెళ్ళై వారమే అయిందని విని, తన ఇంటికి తీసుకెళ్ళాడు. అతని తల్లి తన మంచం వీళ్ళకిచ్చి, తను వంటింట్లో పడుకుని, తెల్లారేసరికి కోడిని కోసింది. మరుసటి ఏడు బోస్నియాలో గది కప్పు కారుతుంటే తిమోన్ సరదాకి "మాకు కొత్తగా పెళ్ళయింది" అన్నాడు. కారని గది ఇచ్చారు, పైగా ఒక సీసా కూడా. అప్పట్నించీ అతను ఆ ఒక్క వాక్యం తొమ్మిది భాషల్లో నేర్చుకున్నాడు. వాటిల్లో ఏ భాషలోనూ 'శుభరాత్రి' చెప్పడం రాదు. అతను వాక్యం చెప్పగానే బోగ్నా తల దించుకునేది. ఏడో ఏడు వచ్చేసరికి సిగ్గుపడటంలో ఆమెకి బాగా చెయ్యి తిరిగింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, చెవుల దగ్గర తెల్లబడిన జుట్టుతో, కొసొవోలో ఒక ముసలమ్మ ముందు సిగ్గుపడితే ఆవిడ బుగ్గ గిల్లి, "ఆలస్యమైతేనేం, దొరికాడు కదా," అంది.

అలా పదకొండు హనీమూన్లు అయ్యాయి.

ఈసారికి మాత్రం విమానం ఎక్కకముందే షరతులు మాట్లాడుకున్నారు. మంచాలు వేరు. ఎవరడిగినా స్నేహితులమని చెప్పాలి. తిరిగొచ్చిన వారానికి, ఇరవై అయిదో తారీఖున, విడాకులకి కోర్టులో వాయిదా ఉంది. దాని గురించి ప్రయాణంలో మాట్లాడకూడదు. అన్నిటికీ బోగ్నా సరేనంది. ఆమెకి కావలసింది ఆ తొమ్మిది రోజులు. తిమోన్ ఇంట్లో కంటే దారిలోనే మంచి మొగుడని ఆమెకి తెలుసు. ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో ఎరగని మనిషి, దారిలో తన కాళ్ళ మేజోళ్ళు విప్పి ఆమె చేతులకి తొడిగేవాడు. ఆ దారి మనిషిని ఇంటికి తెచ్చుకోగలిగితే చాలని ఆమె లెక్క. కలీనాకి దక్కింది ఇంటి మనిషే కదా.

ఆరు రోజులు గడిచాయి. మొల్డోవాలోని సొరోకా కోట గోడ మీద కూర్చుని అతను గుడ్డు ఒలిచి, అడగకుండానే పచ్చసొన ఆమె చేతిలో పెట్టి, తెల్లది తను తిన్నాడు. బోగ్నా దాన్ని సాక్ష్యం కింద దాచుకుంది. ఆ సాయంత్రమే అతను ఫోన్ పట్టుకుని అరగంటసేపు వీధిలో పచార్లు చేశాడు. దాన్ని మాత్రం సాక్ష్యాల్లోకి తీసుకోలేదు.

ఏడో రోజు శనివారం. చిన్న బస్సువాడు వీళ్ళని దింపాల్సిన మలుపు కంటే ముందు మలుపులోనే దింపి వెళ్ళిపోయాడు. వాన. మొల్డోవా నల్లమట్టి తడిసిందంటే బూటుని వదలదు, బూటు వదిలినా మేజోడుని వదలదు. గంట నడిచాక నుకారి అనే ఊరు తగిలింది. మొదటి ఇంటి ఆకుపచ్చ గేటు కొడితే, మోచేతుల దాకా పిండి అంటిన ఒక పెద్దావిడ తలుపు తీసింది. ఆమె పేరు అగాఫియా.

"దారి తప్పాం అత్తా," అంది బోగ్నా. ప్రతి ప్రయాణానికీ ముందు గ్రంథాలయం నుంచి పుస్తకం తెచ్చి అక్కడి భాష నేర్చుకోవడం ఆమెకి అలవాటు. ఇక్కడ మాట్లాడేది రుమేనియా భాషే కాబట్టి, రుమేనియాకి మూడుసార్లు వెళ్ళడంతో బాగానే వచ్చింది. "ఈ పూటకి ఎక్కడైనా తల దాచుకోనిస్తావా?"

"ఎక్కడైనా అంటే ఎక్కడ తల్లీ? రేపు మా ఊరి చర్చి పండగ. మా ఆయన వైపు వాళ్ళు పదకొండు మంది దిగారు. పొయ్యికి ఆనుకున్న వెచ్చటి అరుగు మీద ఇద్దరు, అరుగు కింద ముగ్గురు. మొక్కజొన్న కండెల కొట్టం ఒక్కటే ఖాళీ. ఎలుకలున్నాయి గానీ పెద్దమనుషుల్లాంటివి, ఎవరి జోలికీ రావు."

కొట్టంలో చోటుందట అని తిమోన్‌కి పోలిష్‌లో చెప్పి, "కొట్టం చాలు," అనబోయింది బోగ్నా. ఈలోగా వెనక నుంచి తిమోన్, ముక్కు మీద నుంచి కారుతున్న వాన తుడుచుకుని, ఆ వాక్యం చెప్పేశాడు. మాకు కొత్తగా పెళ్ళయింది.

బోగ్నా తల దించుకుంది. ఈసారి అభ్యాసం వల్ల కాదు, నిజంగానే సిగ్గేసి.

అగాఫియా చేతుల పిండి దులుపుకుంది. "ఆ మాట గేటు దగ్గరే చెప్పొద్దా అబ్బాయ్? పెళ్ళికూతుర్ని కొట్టంలో పడుకోబెట్టానని తెలిస్తే ఈ ఊళ్ళో నాకు నీళ్ళు కూడా పుట్టవు." నడుముకి కట్టుకున్న తాళంచెవి తీసి పెద్దగది తెరిచింది.

పెద్దగదిలో ఇంట్లోవాళ్ళు ఎవరూ పడుకోరు. గోడలకి తివాచీలు, మూల దేవుడి పటాలు, పటాల మీద అల్లిక తువాళ్ళు, మంచం మీద ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేర్చిన దిళ్ళు. పొయ్యి ఉండదు. ఎండబెట్టిన తులసిలాంటి ఆకు వాసన. అగాఫియా పై దిళ్ళు ఒక్కొక్కటే దింపుతూ చెప్పింది. "నన్ను పెళ్ళికి ఇందులోంచే నడిపించుకెళ్ళారు. మా అమ్మని ఆఖరి మూడు రోజులూ ఇందులోనే ఉంచాం. నాకు పిల్లలు లేరు కదా, అందుకని తర్వాత దీనికి పని లేకపోయింది. పదహారేళ్ళ తర్వాత ఈ మంచం మీద మనుషులు పడుకోబోతున్నారు." ఆమె కళ్ళు చెమర్చాయి. బోగ్నా గోడ మీది తివాచీలో నెమలి వైపు చూస్తూ నిలబడింది.

అగాఫియా వెళ్ళాక తిమోన్ మంచం బోగ్నాకి వదిలి, తన పడక సంచి కింద తివాచీ మీద పరిచాడు. "మంచి మనిషి," అన్నాడు. అంతే. ఆ వాక్యం ఎందుకన్నావని బోగ్నా అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం. స్నేహితులమని చెప్పొచ్చు. షరతు పెట్టింది కూడా అతనే. అయినా ఆ వాక్యమే అన్నాడు. పడుకోబోతూ, అతను కాళ్ళు ముడుచుకుని పడుకున్న తీరు చూసి, తన మీది రెండు దుప్పట్లలో ఒకటి తీసి అతని మీద కప్పింది. అతను నిద్రలోనే దాన్ని గడ్డం దాకా లాక్కున్నాడు. అది కూడా సాక్ష్యమే.

మర్నాడు మధ్యాహ్నానికి వాన వెలిసింది. ద్రాక్ష పందిరి కింద పొడుగాటి బల్ల వేశారు. పండగ రోజు ఎవరి గేటూ మూయరు. ఒక ఇంట్లో తిన్నవాళ్ళు ఇంకో ఇంటికి పోతుంటారు, అక్కడ తిన్నవాళ్ళు ఇక్కడికొస్తుంటారు. గుమ్మడికాయ కూరిన రొట్టెలు, మొక్కజొన్న సంకటి, ద్రాక్షాకుల్లో చుట్టిన పొట్లాలు, పళ్ళెంలో వణికే గడ్డకట్టిన కోడి పులుసు. అగాఫియా భర్త ప్రోఫిర్, చెవిలో చిన్న చామంతి పెట్టుకున్న బక్కపలచటి మనిషి, కూజాతో తిరుగుతూ కొత్త ద్రాక్షసారా పోస్తున్నాడు. "ఇది పాలు," అంటున్నాడు ఎవరు వద్దన్నా. "మా తోట పాలు."

బోగ్నా పక్కన పొరుగింటి జినోవియా కూర్చుంది. ఊళ్ళో ఏ సంగతైనా ముందు ఆమెకి తెలుస్తుంది. తెలియకపోతే తెలిసేదాకా తిండి సహించదు.

"నీ తలకి రుమాలేది పిల్లా?"

"రుమాలా?"

"పెళ్ళైన దానికి, పెళ్ళి దగ్గరుండి చేయించే పెళ్ళితల్లి రుమాలు కట్టాలి కదా. నీ పెళ్ళితల్లి ఎవరు?"

"ఎవరూ లేరు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి, అట్నుంచి అటే బస్టాండుకి వెళ్ళాం," అంది బోగ్నా. ఆ ఒక్కటీ నిజం.

జినోవియా చెంచా కింద పెట్టింది. "అగాఫియా, విన్నావా? వీళ్ళకి పెళ్ళితల్లి లేదు, పెళ్ళితండ్రి లేడు, రుమాలు లేదు. ఇది పెళ్ళి కాదు, బస్సు ఎక్కడం."

బల్లంతా నవ్వింది. అగాఫియా నవ్వలేదు. చేతిలో పళ్ళెం అలాగే పట్టుకుని భర్త వైపు చూసింది. ప్రోఫిర్ కూజా దించాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేసినవాళ్ళకి ఆ చూపు చాలు.

"మేమున్నాం కదా," అంది అగాఫియా. "నీకిష్టమైతేనే తల్లీ. మమ్మల్నెవరూ ఇంతవరకు పెళ్ళి పెద్దలుగా ఉండమని అడగలేదు. పిల్లల్లేని వాళ్ళని అడగరులే. అడగాలని రూలూ లేదు."

బోగ్నా తిమోన్‌కి పోలిష్‌లో చెప్పింది. అతను నవ్వి, "సరదాగా ఉంటుంది," అన్నాడు.

అయిదు నిమిషాల్లో వాకిట్లో కుర్చీ పడింది, కుర్చీలో దిండు పడింది, దిండు మీద బోగ్నా పడింది. అకార్డియన్ వాయించే ముసలాయన్ని పక్కింట్లోంచి, నోట్లో ముద్ద ఉండగానే లాక్కొచ్చారు.

"ముందు పెళ్ళికొడుకు నాలుగు మాటలు చెప్పాలి," అన్నాడు ప్రోఫిర్ గ్లాసు అందిస్తూ. "అల్లుడుగారికి మా భాష రాదంటారా, అయితే ఇంకా మంచిది. పెళ్ళాం ఏం చెబితే అదే ఆయన అన్నట్టు. మా ఇంట్లో జరిగేదీ అదే."

తిమోన్ గ్లాసు పట్టుకుని లేచాడు. అతను సిగ్గరి. కానీ సారా బాగుంది, ఎండ వచ్చింది, అందరూ అతన్ని ప్రేమగా చూస్తున్నారు. పోలిష్‌లో మొదలుపెట్టాడు.

"పదకొండేళ్ళ కిందట అల్బేనియాలో ఒక కొండ ఎక్కుతుంటే బోగ్నా వెనకబడిపోతోంది. నేను విసుక్కున్నాను. పైకి వెళ్ళాక సంచి తీస్తే అందులో పుచ్చకాయ. పైన నీళ్ళు దొరకవేమో, నాకు దాహమేస్తుందేమోనని తొమ్మిది కిలోమీటర్లు మోసింది. నాకు చెప్పలేదు. చెబితే బరువని వద్దంటానని."

బోగ్నా అనువాదం చేసింది. పదకొండేళ్ళని పోయిన వేసవి చేసింది. మిగతాదంతా ఉన్నదున్నట్టే చెప్పింది. ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. ఆ పుచ్చకాయ అతనికి గుర్తుందని ఆమెకి ఆ క్షణం దాకా తెలియదు. చివరి వాక్యం తడబడి రెండుసార్లు చెప్పింది.

"రోడ్డు మీద ఇంతకన్నా మంచి మనిషిని నేను చూడలేదు," అన్నాడు తిమోన్. అతని కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి, నిజమైనవి. "ఇలాంటి ప్రయాణపు తోడు ఎవరికీ దొరకదు. ఇక ముందు నాకూ దొరకదు. అందుకు ఆమెకి థాంక్స్ చెప్పుకోవాలి."

బోగ్నా తర్వాతి వాక్యం కోసం చూసింది. అతను గ్లాసు ఎత్తి తాగేశాడు. తర్వాతి వాక్యం లేదు. అది పని మానేసి వెళ్ళేవాళ్ళకి వర్క్‌షాపులో టీ పార్టీ ఇచ్చినప్పుడు చెప్పే మాటలాగే ఉంది, మాటలు నిజమైనవే, ఆ రోజు తర్వాత కుర్చీ మాత్రం వేరేవాళ్ళది.

బల్ల చుట్టూ నలభై మంది ఆమె నోటి వైపు చూస్తున్నారు.

"ఇలాంటి పెళ్ళాం ఎవరికీ దొరకదు అంటున్నాడు," అంది బోగ్నా.

"అంత చిన్న మాటకి అంతసేపు పట్టిందా?" అంది జినోవియా. "మీ భాషలో అప్పడిగితే తెల్లారిపోతుందేమో."

అగాఫియా లోపల్నించి రుమాలు తెచ్చింది. తెల్లటి గుడ్డ మీద ఎర్ర గులాబీలు, మడతల దగ్గర కాస్త పసుపు తిరిగింది. తన పెళ్ళినాడు తనకి కట్టినదే. "రెండుసార్లు విసిరెయ్యాలి," అని బోగ్నా చెవిలో చెప్పింది. "నాకొద్దు, నేనింకా పిల్లనే అన్నట్టు. మూడోసారి ఉంచుకోవాలి."

"మొదటిసారే ఉంచుకుంటే మొగుడికి అలుసైపోతావ్," అంది జినోవియా. "నేను అదే చేశాను. ఇదిగో, చూస్తున్నావుగా."

అకార్డియన్ మొదలైంది. అగాఫియా రుమాలు కట్టింది. బోగ్నా లాగి విసిరేసింది. అది ద్రాక్ష పందిరికి తగులుకుంది, ఎవరో కర్రతో దింపారు. రెండోసారి కట్టింది. బోగ్నా విసిరింది. అది పోయి ప్రోఫిర్ ముఖం మీద పడితే ఆయన దాన్ని గడ్డం కింద ముడేసుకుని కూర్చున్నాడు. వాకిలంతా పగలబడి నవ్వింది. బోగ్నా కూడా నవ్వింది. జూన్ తర్వాత ఆమె పొట్ట పట్టుకుని నవ్వడం అదే మొదలు. ఆ నవ్వులో ఆమెకి ధైర్యం వచ్చింది.

అగాఫియా మూడోసారి రుమాలు తలమీద వేసి, ముడి వెయ్యడానికి కొసలు సర్దుతోంది. పెళ్ళికొడుకు కుర్చీ పక్కన మోకాలు వంచి కూర్చోవాలట, తిమోన్ కూర్చున్నాడు. అతని చెవి ఆమె నోటికి జానెడు దూరంలో ఉంది. ఎనిమిది రోజులుగా అడగాలనుకున్నదంతా ఒక్క మాటలో ఇముడుతుందని బోగ్నాకి తోచింది.

"తిమోన్," అంది పోలిష్‌లో. "కట్టించుకోనా?"

అతను తలెత్తి చూశాడు. ముఖం నిండా ఆప్యాయత. ఎక్కడైనా ఎవరైనా ఊరికే ఒక గరిటె పులుసు ఎక్కువ పోసినప్పుడు అలాగే ఉంటుంది అతని ముఖం.

"కట్టించుకో బోగూషా," అన్నాడు. జూన్ తర్వాత ఆ ముద్దుపేరుతో పిలవడం అదే మొదలు. "ఏం పోయింది? మనకేం ఖర్చు?"

అతను వెటకారంగా అనలేదు. అలా అన్నా బాగుండేది. ఆమెకి ఆ టికెట్టు సాకు. అతనికి టికెట్టు, టికెట్టే. ఫిబ్రవరిలో కొన్నాడు, అక్టోబరులో వాడుకుంటున్నాడు. నిన్న వాన పడింది, వాక్యం చెప్పాడు. పచ్చసొన అతనికి పడదు. ఇన్ని రోజులుగా ఆమె పోగుచేసుకున్న సాక్ష్యాలన్నీ ఎదురుగా నిలబడి ఒకే మాట చెప్పాయి.

బోగ్నా చేతులెత్తి, అగాఫియా ముడి వేసేలోపే కొసలు పట్టుకుంది. రుమాలు తీసింది. విసరలేదు. ఒళ్ళో పెట్టుకుని నాలుగు మడతలు పెట్టి, అగాఫియా చేతిలో పెట్టింది.

"మూడోసారి తియ్యకూడదు తల్లీ, రెండుసార్లే," అంది అగాఫియా.

"నేను కట్టించుకోకూడదత్తా," అంది బోగ్నా. "మా పెళ్ళై పదకొండేళ్ళయింది. ఈ నెల ఇరవై అయిదున విడాకులిస్తారు. ఇతను వేరే ఆమెతో ఉంటున్నాడు. నిన్న అబద్ధం చెప్పాం."

అకార్డియన్ ఆయన ఇంకా రెండు ముక్కలు వాయించి, ఎవరూ కదలకపోవడం చూసి ఆపాడు.

"నా పెద్దగదిలోనా?" అంది అగాఫియా. అడిగినట్టు లేదు, లెక్క చూసుకున్నట్టుంది.

"అవునత్తా."

అగాఫియా తిమోన్ వైపు తిరిగింది. "ఇతన్ని అడుగు. నిన్న నేను కొట్టంలో చోటుందని చెప్పానా, లేదా?"

బోగ్నా అతన్ని పోలిష్‌లో అడిగింది. అతని ముఖం కందగడ్డ అయింది. "చెప్పారు," అన్నాడు.

"చెప్పావంటున్నాడు."

"మరి ఎందుకన్నాడా మాట?"

బోగ్నా అడిగింది. తిమోన్ నేల చూపులు చూస్తూ గొణిగాడు. "చలికి," అని చెప్పింది బోగ్నా.

"చలైతే ఇంకో దుప్పటి ఇచ్చేదాన్ని కదా," అంది అగాఫియా. "నా దగ్గర దుప్పట్లు లేవా? కొట్టంలో పడుకున్నవాడికి నేను దుప్పటి ఇవ్వనా?" రుమాలు జేబులో పెట్టుకుని, కాసేపు ద్రాక్షతీగ వైపు చూసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పళ్ళెం అందుకుంది. "సరే. పండగ పూట మా ఇంట్లోంచి ఎవరూ ఆకలితో లేవకూడదు. తినమను."

తిమోన్ తిన్నాడు. ఏం చేస్తాడు, అందరూ చూస్తున్నారు. బోగ్నా అతని పళ్ళెం వైపు చూడకూడదనుకుంది, చూసింది. ఏమీ మిగల్చలేదు. ఎప్పుడూ మిగల్చడు.

మూడు గంటలకి రాజధానికి చిన్న బస్సు ఉంది. రోడ్డు దాకా ఇద్దరూ నడిచారు. బస్సు దూరంగా కనబడ్డాక తిమోన్ సంచి దించాడు.

"టెంటు నువ్వుంచుకుంటావా?"

"గూటాలు నీ సంచిలో ఉన్నాయి."

అతను అడుగుదాకా చెయ్యి పెట్టి గూటాలు తీసి, పాత సాసేజీ కవరులో చుట్టి ఇచ్చాడు. ఒకటి తక్కువుంది. ఇద్దరికీ తెలుసు ఎక్కడ పోయిందో. మాసిడోనియాలో, సరస్సు ఒడ్డున. ఎవరూ అనలేదు.

"కోపమా?" అన్నాడు.

"లేదు."

"నేను నీ గురించి మంచే చెప్పాను బోగ్నా. ప్రతి మాటా మనసులోంచే వచ్చింది."

"తెలుసు. నువ్వు సరిగ్గానే చెప్పావు. నేనే తప్పుగా చెప్పాను."

బస్సు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి, "ఇద్దరా?" అన్నాడు.

"ఒక్కరే," అంది బోగ్నా. ఎక్కేవాడు తిమోన్ కాబట్టి అతనన్నా సరిపోయేది, కానీ అతనికి ఆ భాష రాదు.

బస్సు వెళ్ళిపోయాక కూడా ఆమె చాలాసేపు రోడ్డు పక్కన నిలబడింది. రెండు కార్లు వాటంతటవే ఆగి, ఎక్కడికని అడిగి, ఆమె తల అడ్డంగా ఊపితే వెళ్ళిపోయాయి. తన సంచి ఇంకా పెద్దగదిలో ఉంది. మళ్ళీ ఆ గేటులో అడుగు పెట్టాలంటే ముఖం చెల్లలేదు. అయినా వెళ్ళింది.

పెద్దగది తలుపు తీసే ఉంది. అగాఫియా ఒక్కతే దిళ్ళు తిరిగి పేరుస్తోంది. బోగ్నా గుమ్మం దగ్గర నిలబడింది. అగాఫియా లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపయ్యాక, పైవరసకి చెయ్యి అందక, అగాఫియా వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపింది. బోగ్నా వెళ్ళి దిండు అందించింది. ఒకటి తర్వాత ఒకటి. చివరి దిండు పెట్టాక అగాఫియా దాని ముడతలు అరచేత్తో సాపు చేస్తూ, "నీకు గది ఇచ్చినందుకు నాకు బాధ లేదు," అంది. "నేను సంతోషపడ్డానే, అందుకు." తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. "ఈ పూట పొయ్యి గదిలో పడుకో. ప్రోఫిర్ చెల్లెలు కాస్త గురక పెడుతుంది."

వాకిట్లో కొత్తగా ఇంకో గుంపు వచ్చి కూర్చుంది. వంటింట్లో ఆడవాళ్ళు పళ్ళేలు కడుగుతున్నారు. బోగ్నా లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తడి పళ్ళెం ఒకటి అందుకుని, ఆరిందాన్నే మళ్ళీ మళ్ళీ తుడవసాగింది.

జినోవియా ఆ పళ్ళెం ఆమె చేతిలోంచి లాక్కుంది. ఇంకేదో అంటుందని అందరూ చూశారు. ఆమె మూల బుట్టలోంచి మట్టి అంటిన, ముల్లంగి లాంటి పొడుగాటి దుంప ఒకటి తీసి కడిగి, గిన్నె, తురుము పీటతో సహా బోగ్నా ఒళ్ళో పెట్టింది. గడ్డకట్టిన కోడి పులుసులో నంజుకునే ఘాటుదుంప అది. తురుముతుంటే గదిలో ఉన్న ఈగ కూడా ఏడుస్తుంది.

"వాకిట్లో వాళ్ళకి అయిపోయింది," అంది జినోవియా. "కూర్చుని తురుము. ఇది తురిమేవాళ్ళని ఎవరూ ఏమీ అడగరు."

బోగ్నా తక్కువ పీట మీద కూర్చుని మొదలుపెట్టింది. రెండు రాపుల్లో కళ్ళు మండాయి. మూడో రాపుకి ఆమె ఇక తుడుచుకోవడం మానేసింది. భుజాలు అదురుతున్నాయి, ముక్కు కారుతోంది, నోటి నుంచి ఏదో సన్నటి శబ్దం వస్తోంది, చెయ్యి మాత్రం ఆగలేదు. వెనకాల ఆడవాళ్ళు మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, ఎవరి కోడలు రొట్టెలు మాడ్చిందో, ఈ ఏడు ఎవరి సారా పులిసిందో. మొదటి దుంప అయిపోతే అగాఫియా రెండోది అందించింది. అది అయిపోతే మూడోది. వాకిట్లో వాళ్ళు కాదు, నుకారి ఊరంతా క్రిస్మస్ దాకా తిన్నా తరగనంత తురుము గిన్నె నిండి నేల మీదకి రాలింది. చాలని ఎవరూ అనలేదు.